మిరపకాయ పట్టుకున్న పిల్ల

పొద్దున్నే బస్టాండు పార్శిల్ ఆఫీసు నుంచి ఆటో అతను సంచి తెచ్చి ఇచ్చాడు. అతను ఇంకా మెట్ల మీద ఉండగానే నాకు సంగతి తెలిసిపోయింది, ఎందుకంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేసింది. జాడీ చుట్టూ రెండు ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద పాత పంచె ముక్క, దాని మీద పురికొస. ఇన్ని చుట్టినా ఆగని వాసన అది, పండుమిరపకాయలు చింతపండూ ఉప్పూ వేసి రోట్లో తొక్కిన కొరివికారం వాసన. జాడీ మూత మీద మా తమ్ముడు రాఘవ స్కెచ్ పెన్నుతో నా పేరు రాసి, పక్కన ప్రేమగా "స్పెషల్" అని కూడా రాశాడు. స్పెషల్ అంటే మిగతా చుట్టాలకి పంపిన దానికన్నా నాకు పంపిన దాంట్లో ఘాటు ఎక్కువ అని అర్థం. నాకు అరవై రెండేళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ ఘాటు నా వెంట పడుతూనే ఉంది. నాకు కారం ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. గుంటూరు నడిబొడ్డున నిలబడి చెప్పమన్నా చెబుతాను, కానీ చెప్పి ప్రయోజనం లేదని నాకు తెలుసు, ఎందుకంటే మొన్నమొన్నటిదాకా నా ఇష్టమేమిటని ఈ భూమ్మీద అడిగిన మనిషి ఒక్కరూ లేరు. సంచి అడుగున ఇంకేదో చేతికి తగిలింది కానీ, కోపంలో ఉన్నప్పుడు సంచులు పూర్తిగా ఖాళీ చేసే ఓపిక నాకుండదు. జాడీ తీసి బల్ల మీద పెట్టి, సంచిని తలుపు వెనక కొక్కేనికి తగిలించాను.

ఈ అన్యాయం నా ఏడో నెలలో మొదలైంది. మా ఊరు పర్చూరుకి లోపలగా, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. మా వైపు పసిబిడ్డకి మొదటి అన్నం ముద్ద పెట్టే రోజున, దేవుడి ముందు చాప పరిచి, పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు, చిన్న కత్తి, గిన్నెలో వడ్లు వరసగా పెట్టి, బిడ్డని చాప ఈ కొసన వదులుతారు. పాక్కుంటూ వెళ్ళి బిడ్డ దేన్ని పట్టుకుంటే ఆ బిడ్డ అలాంటిదవుతుందని నమ్మకం. నా అన్నప్రాశన సరిగ్గా మిరపకాయల రోజుల్లో వచ్చింది. నేను పుస్తకాన్ని చూడలేదట, గొలుసుని పట్టించుకోలేదట, పూలని తోసేసి, చాప పక్కన ఎక్కడి నుంచి వచ్చి పడిందో తెలియని ఒక ఎండుమిరపకాయని గభాలున పట్టుకున్నానట. అంతటితో ఊరుకోక నోట్లో పెట్టుకుని కరకరా నమిలానట. కంట నీటిచుక్క రాలేదట. ఈ కథని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ, పాలు పోసే ఆవిడకీ, గాజులమ్మే అతనికీ కూడా చెప్పింది, చెప్పినప్పుడల్లా మిరపకాయ ఒక అంగుళం పొడవు పెరిగింది. ఏడో నెలలో నాకు పళ్ళెక్కడివి? దేంతో నమిలాను? ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఇలాంటి జవాబు ఎవరైనా రాసుకొస్తే పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసేదాన్ని. మా ఇంట్లో మాత్రం దీనికి నూటికి నూరు మార్కులు పడ్డాయి, నా పేరు కూడా పోయి ఊరంతటికీ నేను మిరపకాయనయ్యాను.

మాఘమాసం వచ్చిందంటే మా కల్లం చూడాల్సిందే. చేలోంచి బళ్ళ మీద వచ్చిన కాయ నేలంతా పరిస్తే, పొద్దున ముదురెరుపుగా, మధ్యాహ్నానికి కళ్ళు చెదిరేట్టు, సాయంత్రం ఎండ పల్చబడేసరికి దానిమ్మ గింజల రంగులో ఉండేది. కూలికొచ్చిన ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పోసేవాళ్ళు, ఒకళ్ళు తుమ్మితే ఆ తుమ్ము వరస చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేది. మా నాయనమ్మ వాళ్ళ మధ్య పీట వేసుకుని, ఒళ్ళో కాయలు పోసుకుని తొడిమలు తీస్తూ, పక్కన పెట్టుకున్న కర్రతో మేకల్నీ కోళ్ళనీ మమ్మల్నీ తేడా లేకుండా అదిలించేది. ఆ మూడు నెలలూ మా ఇంట్లో మజ్జిగ ఘాటుగా ఉండేది, దుప్పటి ఘాటుగా ఉండేది, బళ్ళో నా పలక వాసన చూసి పక్కపిల్ల తుమ్మేది. పొరపాటున కన్ను నులుముకున్నామా, పెరట్లో తొట్టి చుట్టూ గంతులే. ఇదంతా తల్చుకుంటే ఇప్పటికీ ముద్దొచ్చే మాట నిజమే, కాదనను. కాయల్ని చూడటం నాకిష్టమే. చూడటం వేరు, నోట్లో పెట్టుకోవడం వేరు అన్న చిన్న సంగతి మా వాళ్ళ బుర్రకెక్కలేదంతే.

నాకేం కావాలో నాకు చాలా స్పష్టంగా తెలుసు. ముందు గదిలో పత్తి పోసిన రోజుల్లో ఆ గుట్ట మీదెక్కి, గింజలు గుచ్చుకుంటున్నా సరే, వెల్లకిలా పడుకుని నేను కోరికలు కోరుకునేదాన్ని. పాల మీద మీగడని పంచదారతో తినాలి, మొత్తం నేనే తినాలి, ఎవరూ "చాల్లే" అనకూడదు. వేడి అట్టులో బెల్లం తురుము వేసి మడత పెట్టాలి. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కోవాలి. పెద్దయ్యాక పర్చూరు సెంటర్లో మిఠాయి కొట్టు పెట్టి, అద్దాల బీరువాలో మైసూరుపాకు దొంతరలు పేర్చి, అమ్మకుండా కూర్చోవాలి. ఐసు అమ్మే అతని కూతురుగా ఎందుకు పుట్టలేదని ఒక వేసవి అంతా దిగులుపడ్డాను. ఇంతకన్నా పెద్ద కోరికలు నాకు లేవు. వీటిల్లో ఏ ఒక్కటీ ఇంటిమీద అప్పులు తెచ్చేది కాదు, ఎవరి పరువూ తీసేది కాదు.

కానీ కంచం ముందు కూర్చోగానే నాయనమ్మ మొదటి ముద్దలోనే కొరివికారం కలిపేది. మిగతా పిల్లలకి నెయ్యి వేసి, నాకు మాత్రం నూనె, "దానికి నెయ్యెందుకే, ఘాటు చచ్చిపోతది" అనేది. బూరెలు వండిన రోజున అందరికీ మూడేసి వేసి, నా దగ్గరికొచ్చేసరికి ఒకటి వేసి, ఆ ఒక్కటి కూడా సందేహంగా వేసి, బదులుగా గోంగూర పచ్చడి రెండింతలు వేసేది. అదంతా ప్రేమే. అదే నా బాధ. పగబట్టి చేస్తే ఎదురు తిరగొచ్చు, ఇంట్లో ఉన్న మేలైన పచ్చడంతా ఏరి నీ కంచంలో వేస్తుంటే ఏమని పోట్లాడతావు?

తమ్ముడి కథ వింటే మీకు నా కడుపుమంట ఇంకా బాగా తెలుస్తుంది. వాడు అన్నప్రాశన నాడు పెన్ను పట్టుకున్నాడు. దాంతో చదువుకునే పిల్లాడికి బుర్రకి బలం కావాలని ఇంట్లో మీగడంతా వాడికే వెళ్ళేది. గిన్నెలో వేలు పెట్టి గీకి గీకి వాడు మీగడ తింటుంటే, పక్కన కూర్చుని నేను కారం మింగి ముక్కు చీదేదాన్ని. వాడికి మీగడ అంటే మంటని, వాడే నాకు చాలాసార్లు చెప్పాడు, కానీ నాకివ్వకుండా తినేసేవాడు, ఎందుకంటే నాకు తీపి పడదని వాడూ నమ్మాడు. ఇంత మీగడ తిన్న పెన్ను వీరుడు పదో తరగతి రెండుసార్లు తప్పి వ్యవసాయంలో దిగాడు, చక్కగా చేసుకున్నాడు, ఆ మాట వేరు. పుస్తకం వంక చూడని నేను టీచర్నయ్యాను. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అయినా మా ఇంట్లో అన్నప్రాశన తప్పు చెప్పిందని ఎవరూ అనలేదు, వాడికి దిష్టి తగిలిందన్నారు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముద్దని మజ్జిగలో ముంచి ఘాటు తీసే ప్రయత్నం చేశాను, మజ్జిగ పాడైంది. ఎవరూ చూడకుండా పచ్చడిని కంచం అంచు కింద దాచాను, అమ్మ కంచం తీస్తూ చూసి "అయ్యో, కింద పడిందా" అని మళ్ళీ వేసింది. ఒకసారి గేదె కుడితిలో కలిపేశాను. ఆ సాయంత్రం గేదె పాలివ్వకుండా తన్నింది, కారణం తెలియక నాయనమ్మ దానికి దిష్టి తీసింది. దిష్టి తీసింది కూడా ఎండుమిరపకాయలతోనే. ఆ మిరపకాయల పొగకి దగ్గుతూ గడప దగ్గర నిలబడి, ఇక లాభం లేదు, అందరి ముందూ నోరు తెరిచి చెప్పేయాల్సిందేనని నిర్ణయించుకున్నాను. అప్పుడు నాకు పదేళ్ళు.

ఆ రోజు దగ్గర్లోనే ఉంది. కాయ కోతలు, ఏరడాలు అన్నీ అయిపోయి, ఆఖరి బస్తా కుట్టిన రోజున మా ఇంట్లో పనివాళ్ళందరికీ భోజనాలు పెట్టేవాళ్ళు. కల్లంలోనే విస్తళ్ళు వేసి, పప్పు, గుమ్మడికాయ పులుసు, గారెలు, బూరెలు, పెద్ద బాన నిండా పెరుగు. ఆ ఏడు కాయ కొనడానికి వచ్చిన షావుకారు గారు కూడా భోజనానికి ఆగాడు. ఆయన్ని కూర్చోబెట్టి అమ్మ నా కథ మొదలుపెట్టింది. మిరపకాయ అప్పటికే జానెడు పొడవుంది. ఆయన కళ్ళు పెద్దవి చేసి "అవునా తల్లీ!" అన్నాడు. నాయనమ్మ వెంటనే కొత్తకారం గిన్నె తెచ్చి, ఎర్రటి ముద్ద నా విస్తట్లో పెట్టి, "తిని చూపించవే అయ్యగారికి" అంది. అప్పుడు లేచి నిలబడ్డాను. కూలివాళ్ళందరూ చూస్తున్నారు. నా ఎదురుగా తమ్ముడి విస్తట్లో మూడు బూరెలు, వాటి పొట్టలకి చిల్లు పెట్టి పోసిన నెయ్యి. గట్టిగా చెప్పాను.

"నాకు కారం ఇష్టం లేదు. నాకు బూరెలు కావాలి."

విస్తళ్ళ మీద చేతులన్నీ ఆగిపోయాయి. గెలిచాననే అనుకున్నాను. ఆ తర్వాత కల్లం కల్లమంతా ఒక్కసారిగా నవ్వింది. విస్తళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు, షావుకారు గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయనమ్మ నా గడ్డం పుణికి "సిగ్గుపడతందయ్యా కొత్తోళ్ళ ముందు" అని చెప్పి, నా భుజం నొక్కి కూర్చోబెట్టి, ఇంకో ముద్ద వేసింది. తిన్నాను. ఏం చేస్తాను? కళ్ళెంట ధారగా నీళ్ళు కారుతుంటే తిన్నాను, అందరూ శభాష్ అన్నారు. పదేళ్ళ పిల్ల తన నోటికి ఏం కావాలో తన నోటితో చెబితే వినే చెవి ఒక్కటి లేకపోయిందే అని అప్పుడు కలిగిన ఉక్రోషం ఇప్పుడు రాస్తుంటే కూడా వేళ్ళదాకా వస్తోంది.

పెళ్ళయితే తప్పించుకుంటానని అనుకున్నాను. మా అత్తగారిది దాచేపల్లి వైపు. అప్పగింతల వేళ అందరూ పిల్లని బాగా చూసుకోండి అని చెబుతారు, మా అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని "మా పిల్లకి కారం లేకపోతే ముద్ద దిగదు వదినగారూ" అని చెప్పి ఏడ్చింది. అసలే ఆ వైపు వంట మాకన్నా ఘాటు. కొత్త కోడలి మనసు నొప్పించకూడదని ఆవిడ దానికి మరో పిడికెడు కలిపింది, పాపం ఆ ఇంట్లో అందరూ నా కోసమని మూడు నెలలు మంచినీళ్ళ చెంబులు పక్కన పెట్టుకుని తిన్నారు. వాళ్ళకి నేను అపకారం చేస్తున్నానని నాకు తెలుసు, నోరు విప్పి చెప్పలేకపోయాను. చెబితే సిగ్గుపడుతోంది అంటారని భయం.

అసలు సంగతి బయటపడ్డ రోజు ఎండాకాలం సెలవులు. నాకప్పటికి ముప్పై ఏళ్ళు దగ్గరపడ్డాయి, నాయనమ్మకి ఎనభై దాటాయి. వసారాలో ఇద్దరం కూర్చుని కొత్త చింతపండులో గింజలు తీస్తున్నాం. మర్నాడు ఎదురింటి పిల్లవాడి అన్నప్రాశన. వాడు దేన్నైనా పట్టుకుంటాడో లేదో, ఊరికే నిద్రపోతున్నాడని ఎదురింటావిడ గోడ మీద నుంచి దిగులుపడితే, నాయనమ్మ చింతపండు మీద నుంచి కళ్ళెత్తకుండానే అంది:

"పట్టుకోకపోతే ఏదో ఒకటి చేతిలో పెట్టండమ్మా. దీనికి అట్టాగేగా పెట్టింది."

నా ముందు కత్తిపీట ఉంటే ఆ రోజు వేలు తెగేదే. "నాకేం పెట్టావు నాయనమ్మా?" అన్నాను.

"మిరపకాయే. నువ్వేమో చాప మీద కూచుని వేలు చీకతన్నావు. పంతులు గారేమో వర్జ్యం వస్తందని ఒకటే తొందర. అవతల కల్లంలో కూలోళ్ళు నాకోసం చూస్తన్నారు. తొడిమలు తీసే కాడి నుంచి లేచొచ్చా కదా, ఒళ్ళో కాయ మిగిలింది. నీ చేతిలో పెట్టి, అదుగో పట్టుకుంది అన్నా."

"మరి నమిలానని..."

"అది మీ అమ్మ పెట్టుకుంది. నువ్వు కింద పడేశావు."

"నేను దేనివైపు చూస్తున్నానప్పుడు? పూల వైపా? గొలుసు వైపా?"

"దేని వైపూ లా. పాలు తాగి నిద్దర మొహమేసుకుని ఉన్నావు. నీకేం అక్కర్లా."

చింతపండు పళ్ళెం పక్కకి నెట్టాను. నా చిన్నతనం మొత్తం, నా బూరెలు, నా మీగడ, నా పేరు, అన్నీ ఒక పని తొందరలో ఉన్న ముసలమ్మ ఒళ్ళో మిగిలిపోయిన కాయ మూలంగా పోయాయి. ఆ క్షణాన ఆవిడ ఒళ్ళో పత్తికాయ ఉంటే పత్తి పిల్లనయ్యేదాన్ని, అప్పుడు కనీసం ఆ గుట్ట మీద పడుకోనిచ్చేవాళ్ళు. చివరికి "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"బాగానే తింటన్నావు కదే."

"ఏడుస్తూ తిన్నాను నాయనమ్మా!"

ఆవిడ చింతగింజని వాకిట్లోకి విసిరేసి, నా వంక విచిత్రంగా చూసింది. "కారం తింటే ఎవురికైనా నీళ్ళొస్తయ్యి" అంది.

నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రమే అమ్మనీ తమ్ముడినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. తమ్ముడు నవ్వాడు. అమ్మకి కోపం వచ్చింది. "ఆమెకి మతి తప్పి ఏదో అంటంది. నేను కళ్ళారా చూశా, నువ్వు నమిలావు" అని, పొయ్యి దగ్గరికెళ్ళి, నేను నొచ్చుకున్నానని నాకోసం ప్రత్యేకంగా పచ్చిమిరపకాయ బజ్జీలు వేసింది. నాయనమ్మ మరుసటి ఏడాది పోయింది. నా తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్షి అలా వెళ్ళిపోయింది, ఆ సాక్షే నేరస్తురాలు కూడాననుకోండి, అయినా ఆవిడ కోసం నేను చాలా రోజులు ఏడ్చాను.

ఇంతవరకూ అందరి తప్పులూ చెప్పాను కాబట్టి ఇప్పుడు నాది చెప్పడం న్యాయం. ఐదేళ్ళ కిందట తమ్ముడి మనవరాలు హాసిని అన్నప్రాశన జరిగింది. ఇంట్లో కాదు, చల్లటి ఫంక్షన్ హాల్లో. చాప పోయి ఎర్ర తివాచీ వచ్చింది. పుస్తకం, గొలుసులతో పాటు ల్యాప్‌టాపూ స్టెతస్కోపూ కూడా పెట్టారు. పిల్ల అన్నిటి మధ్యా కూర్చుని వేలు నోట్లో పెట్టుకుంది. మా మేనకోడలు చప్పట్లు కొడుతోంది, మా మరదలు గొలుసు ఊపుతోంది, ఫోటోగ్రాఫర్ "ఏదో ఒకటి పట్టించండమ్మా, లైటింగ్ పోతోంది" అంటున్నాడు. నేను ముందు వరసలో, పసుపు గణపతికి నైవేద్యం పెట్టిన బెల్లం ముక్క గిన్నె పక్కనే ఉన్నాను. నా చెయ్యి కదిలింది. నేను కదపలేదని బుకాయించే వీల్లేదు, నా చెయ్యే, నా గాజులే. గిన్నెని నెమ్మదిగా పిల్ల ముందుకి జరిపాను. ఈ ఇంట్లో ఒక్క ఆడపిల్లయినా తీపి తిని పెరగాలని, అంతే. పిల్ల బెల్లం పట్టుకుంది, హాలంతా చప్పట్లు, "బెల్లం పిల్ల, బెల్లం పిల్ల!" అన్నారు. నాయనమ్మ మీద గెలిచినట్టు గర్వపడ్డాను.

నాలుగు రోజుల కిందట తమ్ముడింట్లో వ్రతం చేసుకున్నారు. భోజనాల దగ్గర హాసినిని నా పక్కన కూర్చోబెట్టారు. నా విస్తట్లో కొరివికారం, దాని విస్తట్లో నాలుగు బూరెలు, పైన పరవాన్నం. నా విస్తరి వంక అది చూస్తున్న చూపు నాకు తెలుసు, ఎదుటివాడి విస్తరిని అలా చూస్తూనే నేను పెరిగాను. మరదలు ఐదో బూరె వేయబోతే పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తీపి వద్దు. నాకిష్టం లేదు."

"బెల్లం పట్టుకున్న పిల్లవి, అట్టా అంటే ఎట్టా?" అని మరదలు నవ్వుతూ వేసేసింది. పంక్తిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుర్తే. యాభై ఏళ్ళ కిందట కల్లంలో విన్న నవ్వే అది, కొంచెం కూడా మారలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, నా చేతి మీద. విస్తరి ముందు లేచి నిలబడ్డాను.

"దానికి తీపి ఇష్టం లేదు. ఆ బెల్లం గిన్నె ఆ రోజు నేనే జరిపాను. అది పట్టుకోలేదు, నేను పట్టించాను. దానికేం కావాలో అడిగి పెట్టండి."

మళ్ళీ నవ్వు. ఈసారి నా మీద. తమ్ముడు సాంబారు బకెట్టు కింద పెట్టి "అక్కకి నాయనమ్మ పోలికలు వస్తన్నయ్యి" అన్నాడు. అంటే మతి తప్పుతోందని. నేను కూర్చున్నాను. కూర్చుని హాసిని వంక చూడలేక, విస్తట్లో అన్నం కెలుకుతున్నాను. అప్పుడది నా మోచెయ్యి గీకి, చిన్న గొంతుతో అడిగింది.

"మామ్మా, మరి నీకేం ఇష్టం?"

అరవై రెండేళ్ళు. అమ్మ అడగలేదు, నాయనమ్మ అడగలేదు, అత్తగారు అడగలేదు, నాతో ముప్పై ఐదేళ్ళు కాపురం చేసిన మనిషి అడగలేదు. జవాబు ఇన్నేళ్ళూ నాలుక మీదే ఉన్నా, అడిగేసరికి ఒక్క మాట రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, నీళ్ళల్లోంచి దాని విస్తట్లో బూరెల్ని చూపించాను. అది అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడని క్షణం చూసి ఇద్దరం విస్తళ్ళు మార్చుకున్నాం. అది కొరివికారంలో అన్నం కలుపుకుని, ముక్కు ఎర్రబడుతున్నా ఆగకుండా, పెదాలు చప్పరిస్తూ తిన్నది. నేను బూరె చిదిపి, నెయ్యి మణికట్టు దాకా కారుతుంటే, ఐదూ తిన్నాను. నా కన్నీళ్ళు చూసిన తమ్ముడికి సంతోషమైంది. "ఈసారి కారం బాగా కుదిరినట్టుంది అక్కా, నీకు స్పెషల్‌గా పంపుతా" అన్నాడు. అదే ఇవాళ బల్ల మీదున్న ఈ జాడీ.

ఇప్పుడా కల్లం లేదు. అక్కడ సరిహద్దు రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు, కాయ చేలోంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి వెళుతుంది. ఆఖరి బస్తా కుట్టిన రోజు భోజనాలు ఎవరూ పెట్టడం లేదు. నాయనమ్మ పీట ఏమైందో తెలియదు, రోలు మాత్రం తమ్ముడి పెరట్లో బోర్లా పడి ఉంది, హాసిని దాని మీదెక్కి జామకాయలు కోస్తుంది, కారం ఇప్పుడు మిక్సీలో తిరుగుతుంది. నన్ను మిరపకాయ అని పిలిచినవాళ్ళలో చాలామంది పోయారు. వాళ్ళ మీద కోపం మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వను.

మధ్యాహ్నం కూరగాయలకి వెళదామని తలుపు వెనక సంచి తీశాను. అడుగున బరువు మళ్ళీ చేతికి తగిలింది. తీసి చూస్తే హాసిని బడికి తీసుకెళ్ళే చిన్న స్టీలు డబ్బా. తమ్ముడు జాడీ కట్టి పక్కకి వెళ్ళినప్పుడు పిల్ల సంచిలో జారవిడిచి ఉంటుంది. దాని పైన నోట్‌బుక్ కాగితం మడిచి పెట్టింది, దాని మీద పెన్సిలుతో "మామ్మ కి" అని ఉంది. లోపల రెండు బూరెలు. ఒకటి కొంచెం కొరికి ఉంది, పడలేదు కాబోలు, అక్కడితో ఆపేసింది. అవి గట్టిపడి, నెయ్యి పేరుకుపోయి, ఒక మూల చీమలు పట్టి ఉన్నాయి. చీమలు దులిపి, నిలబడే రెండూ తిన్నాను.